దగ్గరలో ఫలానా సదుపాయం ఉందా అని ఇటాలియన్‌లో అడగడం ఎలా?

రోమ్, ఫ్లోరెన్స్ వంటి నగరాలలో ఇంగ్లీషు తెలిసినవారు తేలికగానే ఎదురవుతారు గానీ, చిన్న ఊళ్లలో మందుల దుకాణమో మరుగుదొడ్డో వెతుక్కోవలసి వచ్చినప్పుడు ఒక్క ఇటాలియన్ వాక్యం నోటికి వచ్చి ఉంటే ఎంతో మేలు. ఆ వాక్యం ఇది: “స్కూజి, చె ఊన ఫర్మచీయ క్వీ విచీనో?” అంటే, “ఏమండీ, ఇక్కడ దగ్గరలో మందుల దుకాణం ఉందా?” అని.

ముందుగా పలకరింపు. పగటిపూట “బ్వొన్‌జోర్నో” అని, సాయంత్రమైతే “బ్వొనసేర” అని, ఆ తరువాత “స్కూజి” అనాలి. ఇది మనం “మీరు” అని గౌరవించే వారితో అనే మాట. “నువ్వు” అనదగిన చనువున్న వారితో అయితే “స్కూజ” అంటారు. దారిన పోయే అపరిచితులను “స్కూజి” అనే పలకరించడం మర్యాద.

తరువాత అసలు ప్రశ్న. “చె” అంటే “ఉంది”. తెలుగులో “ఉంది” ప్రశ్నలో “ఉందా” అవుతుంది. ఇటాలియన్‌లో మాట గానీ వరుస గానీ మారవు కాబట్టి, వాక్యం చివర గొంతు పైకి లేపితేనే అది ప్రశ్న అని ఎదుటివారికి తెలుస్తుంది. “క్వీ విచీనో” అంటే “ఇక్కడ దగ్గరలో”. ఈ రెండింటి మధ్య మీకు కావలసిన దాని పేరు పెట్టాలి: ఉన్ బాఞ్ఞో (మరుగుదొడ్డి), ఉన్ బాంకొమత్ (ఏటీఎం), ఉన్ సూపెర్‌మెర్కాతో (సూపర్ మార్కెట్), ఊన ఫెర్మాత దెల్లౌతొబుస్ (బస్సు స్టాపు). పుంలింగ నామాలకు సాధారణంగా “ఉన్”, స్త్రీలింగ నామాలకు “ఊన” వస్తాయి. పేరు “ఓ”తో ముగిస్తే ఎక్కువగా పుంలింగం, “అ”తో ముగిస్తే స్త్రీలింగం. ఇందులో పొరబడినా మీ మాట అర్థమవుతుంది గనుక, ఆ భయంతో అడగడం మానవద్దు. ఉచ్చారణలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం: ఇంగ్లీషు అలవాటుతో “ట, డ” పలకకుండా మన “త, ద” పలకాలి, “క్క, త్త” వంటి జంట హల్లులను నిండుగా ఒత్తాలి. తెలుగువారికి ఇది కష్టమేమీ కాదు.

“దొవె” (ఎక్కడ ఉంది) అనే ప్రశ్న అది ఉందని ముందే తెలిసినచోట తగినది. భోజనశాలలో కూర్చున్నాక “దొవె ఇల్ బాఞ్ఞో?” అనవచ్చు. వీధిలో ఉన్నప్పుడు దగ్గరలోని “బార్”లోకి వెళ్లవచ్చు. ఇటలీలో బార్ అంటే ప్రధానంగా కాఫీ తాగే చోటు. అక్కడి మరుగుదొడ్డి సాధారణంగా కొనుగోలుదారులకే కాబట్టి, ముందు ఒక కాఫీ తీసుకుని అడగడం పద్ధతి. సిటీ బస్సు టికెట్ కావాలంటే “ఊన తబక్కెరీయ” అని అడగండి. పెద్ద “టీ” అక్షరం బోర్డు ఉండే ఈ పొగాకు దుకాణాలలో చాలా నగరాలలో టికెట్లు అమ్ముతారు.

అడగడం కన్నా జవాబు అర్థం చేసుకోవడమే కష్టం. “అ దెస్త్ర” కుడివైపు, “అ సినీస్త్ర” ఎడమవైపు, “సెంప్రె ద్రిత్తో” తిన్నగా. “నో, మి దిస్ప్యాచె” అంటే లేదని. వేగంగా మాట్లాడితే “ప్యూ లెంతమెంతె, పెర్ ఫవోరె” అని నెమ్మదిగా చెప్పమనండి, నడవగలిగే దూరమో కాదో తెలియాలంటే “ఎ లొంతానో?” అనండి.

రాత్రివేళ మందులు కావలసివస్తే “ఫర్మచీయ ది తూర్నో” అని అడగాలి; ఆ పూట తెరిచి ఉండే దుకాణం అది. ఆకుపచ్చ సిలువ గుర్తు ఉన్న ఏ మందుల దుకాణం మూసి ఉన్నా, దాని తలుపు దగ్గర ఆ వివరం కోసం చూడండి. పరిస్థితి విషమంగా ఉంటే “ప్రొంతో సొక్కోర్సో”, అంటే ఆసుపత్రి అత్యవసర విభాగం, దగ్గరలో ఉందా అని అడగండి, లేదా వెంటనే 112కు ఫోన్ చేయండి.