ఏఐ ఏజెంట్ తప్పు చెయ్యకుండ మన టూల్ గురించి ఎట్ల రాయాలె

మాది మిర్యాలగూడ. పోయిన యాసంగిల ఒక రైస్ మిల్లుకు వడ్ల కొనుగోలు రాసుకునే చిన్న సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన, దానికి ఏఐ ఏజెంట్‌ని కూడ కలిపిన, గుమాస్తా నోటితోని చెప్తే అదే ఎంట్రీ కొట్టేటట్టు. రెండో రోజే 120 బస్తాలు కాస్త 120 క్వింటాళ్లుగ ఎక్కినయ్. 40 కిలోల బస్తా లెక్కన అయి 48 క్వింటాళ్లే. మోడల్‌దే తప్పనుకొని ఒక పూటంత ప్రాంప్ట్ మార్చుకుంట కూసున్న, తీరా చూస్తే నేను టూల్ (ఏజెంట్ పిలిచి వాడుకునే మన ఫంక్షన్) ఏం చేస్తదో చెప్పే డిస్క్రిప్షన్‌ల "పరిమాణం, నంబర్" అని రాసి వదిలేసిన, దేంట్ల పరిమాణమో రాయనే లేదు.

ముందు ఇది తెలుసుకోవాలె. ఏజెంట్‌కు సర్వర్ల ఉన్న మన కోడ్ కనపడదు. 2024 నవంబర్‌ల ఆంత్రోపిక్ తెచ్చిన ఎంసీపీ (ఏజెంట్‌కు బయటి టూల్స్ కలిపే పద్ధతి) చూసినా, అంతకుముందు ఓపెన్‌ఏఐ తెచ్చిన ఫంక్షన్ కాలింగ్ (మోడల్ మన ఫంక్షన్‌ని పిలిచే తీరు) చూసినా, దానికి ముఖ్యంగ అందేది టూల్ పేరు, డిస్క్రిప్షన్, ఏమేం ఇన్‌పుట్‌లు ఇయ్యాలెనో చెప్పే జేసన్ స్కీమా, గంతే. మన ఊర్ల అందరికీ తెల్సు కదా అని మనం నోటితోని కూడ అననియ్యే అది తప్పు చేసే జాగలు. అందుకే రాసుడు అక్కడి నుంచే మొదలుపెట్టుర్రి.

కొలతలు మొదలు. "పరిమాణం" తీసేసి ఇన్‌పుట్ పేర్లనే "బరువు_క్వింటాళ్లు" అని పెట్టిన. కింద "బస్తాలల్ల చెప్తే ఒక్క బస్తా ఎన్ని కిలోలో అడుగు, నువ్వే అనుకోకు" అని రాసిన, ఎందుకంటే ఒకలకు బస్తా అంటే 40 కిలోలు, ఇంకొకలకు 75. తేమ కూడ అంతే, 17 అని ఇయ్యాల్నా 0.17 అనా, ఉదాహరణతోని చెప్పాలె. తేదీ 05-11 అంటే నవంబర్ 5 కావచ్చు, మే 11 కావచ్చు, కాబట్టి 2025-11-05 లెక్క ఏడాది ముందుండేటట్టు రాయాలె అని చెప్పుర్రి.

ఊర్ల పేర్లతోని ఇంకా పరేషాన్. చిట్యాల మండలం నల్గొండల ఉన్నది, భూపాలపల్లి జిల్లాల కూడ ఉన్నది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడగొట్టిన్రు, నారాయణపేట 2019ల పాలమూరు నుంచి వేరైంది, పాత రికార్డులల్ల మాత్రం ఇంకా మహబూబ్‌నగర్ అనే ఉంటది. అందుకే ఊరి పేరు నేరుగ తీసుకోవద్దు, ముందు "ఊరు వెతుకు" అనే టూల్ పిలిచి కోడ్ తీసుకొని ఆ కోడ్ ఇయ్యాలె అని డిస్క్రిప్షన్‌లనే రాయుర్రి. ఏ టూల్ తర్వాత ఏ టూల్ అన్నది కూడ డాక్యుమెంటేషనే, చానమంది ఇది మర్చిపోతరు.

డిస్క్రిప్షన్ ఇంగ్లీష్‌ల రాసినా నడుస్తది కానీ జనం వాడే మాటలు అండ్ల ఉండాలె: సన్నాలు, దొడ్డొడ్లు, తాలు, తరుగు. రకం అన్నకాడ ఖాళీ డబ్బా పెట్టకుండ రెండు మూడు విలువలే ఒప్పుకునేటట్టు స్కీమాల కట్టేస్తే సగం తప్పులు అక్కడ్నే ఆగుతయ్. ఒకే తీరు టూల్స్ రెండుంటే ఏది ఎప్పుడు వాడొద్దో కూడ రాయుర్రి, "ఇది కొత్త ఎంట్రీకే, పాతది దిద్దాల్నంటే ఇది కాదు" అన్నట్టు.

ఎర్రర్ మెసేజ్ మీద నేను అన్నిట్కంటే ఎక్కువ టైం పెట్టిన, మీరూ పెట్టాలె. ఉత్త "ఎర్రర్ 400" వస్తే ఏజెంట్ అదే తప్పు మళ్లా మళ్లా కొడ్తది, లేకుంటే సొంతంగ ఏదో అనుకుంటది. "ఊరి కోడ్ దొరకలేదు, పేరు ఇచ్చినట్టున్నవ్, ముందు ఊరు వెతుకు పిలువు" అని వస్తే మళ్ల కాల్‌లనే దిద్దుకుంటది. తప్పేందో, మళ్లేం చెయ్యాల్నో రెండూ ఉండాలె.

తక్‌పట్టీ (వడ్లు కొన్నట్టు ఇచ్చే చీటి) రద్దు చేసుడు లాంటి టూల్ ఉంటే, చేస్తే మళ్ల తిరిగి రాదని గట్టిగ రాయుర్రి. ఎంసీపీల చదువుడు వరకే, చెరిపేది అని గుర్తులు పెట్టొచ్చు, కానీ అయి ఉత్త సూచనలే, ఎవలకు పర్మిషన్ ఉన్నదో కోడ్‌లనే చూస్కోవాలె. జవాబు కూడ ఒక్కసారే రెండు వేల లైన్లు పంపొద్దు, 20 పంపి "ఇంకా ఉన్నయ్, రెండో పేజీ అడుగు" అంటే సరిపోతది.

రాసినంక పరీక్ష పెట్టుర్రి. కొత్త చాట్ తెరిచి, మనం ఏం సాయం చెయ్యకుండ, గుమాస్తా ఎట్ల అడుగుతడో అట్లనే పది మాటలు అడిగి, అది ఏ టూల్ పిలిచిందో, ఏం విలువలు ఇచ్చిందో ఒక్కొక్కటి చదవాలె. జవాబు కరెక్టొచ్చిందని ఆపొద్దు, ఒక్కోసారి తప్పు తొవ్వల పోయి కూడ కరెక్టొస్తది. యాడ తప్పితే ఆ ఒక్క లైన్ దిద్ది, అదే పది మళ్ల అడుగుర్రి. మా దగ్గర "ముప్పై బస్తాలు, తాలు తీసి" అన్న మాట నాలుగోసారికి గానీ సరిగ్గ ఎక్కలేదు.