పదహారు నిండిన పిల్లవాడిపై ఘోర నేరం కేసు: ప్రాథమిక మదింపుకు సిద్ధం కావడం ఎలా?

విజయవాడలోనో గుంటూరులోనో ఇంటర్ చదివే పిల్లవాడి మీద కేసు నమోదైతే కుటుంబమంతా బెయిలు కోసమే పరుగులు తీస్తుంది. బెయిలు కావలసిందే. అయితే పదహారు నిండి పద్దెనిమిది నిండని పిల్లవాడిని పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది 2015 నాటి బాల న్యాయ చట్టం 15వ సెక్షన్ కింద, పిల్లల మీది కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు జరిపే ప్రాథమిక మదింపులో తేలుతుంది. అది బోర్డు విచక్షణకు వదిలిన విషయం కనుక, ఆ విచక్షణకు ఆధారం కాగల సమాచారాన్ని సకాలంలో అందించడమే కుటుంబం చేయగలిగిన అతి ముఖ్యమైన పని.

ముందుగా వయసు, సెక్షన్ సరిచూసుకోండి. నేరం జరిగిందంటున్న తేదీ నాటి వయసే లెక్క. పదో తరగతి మార్కుల మెమో, బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం, అవి లేకుంటే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం చూపాలి. ఇక కనిష్ఠ శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న నేరానికే, అంటే చట్టం ‘ఘోర నేరం’ అనేదానికే, ఈ మదింపు వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఉదాహరణకు గంజాయి 20 కిలోలకు మించితే కనిష్ఠ శిక్ష పదేళ్లు, అంతకు లోపయితే కనిష్ఠ శిక్షే లేదు. అందుచేత బరువు తూచిన పంచనామాను న్యాయవాది అక్షరం అక్షరం చదవాలి. ఇష్టపడి వెళ్లిపోయిన మైనర్ల మీద పెట్టే పోక్సో కేసులు సైతం చొచ్చుకుపోయే లైంగిక దాడి (పెనెట్రేటివ్ సెక్సువల్ అసాల్ట్) సెక్షన్ పడితే ఘోర నేరం కిందికే వస్తాయి, ఇది చాలామంది తల్లిదండ్రులు ఊహించనిది.

బోర్డు చూడవలసినవి మూడు: నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలను గ్రహించే శక్తి, నేరం జరిగిందంటున్న పరిస్థితులు. తెలివితేటల పరీక్షలో మార్కులు బాగా వచ్చినంత మాత్రాన పర్యవసానాలు తెలుసునని కాదు. బాధితుడి కుటుంబానికి, తనకు, తనవారికి మున్ముందు ఏమవుతుందో ఆలోచించగలిగాడా అన్నదే ప్రశ్న. బోర్డు సభ్యుల్లో బాలల మనస్తత్వ శాస్త్రంలో గానీ మనోవైద్యంలో గానీ పట్టా ఉన్నవారు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని 2022 జూలై 13న గురుగ్రామ్ పాఠశాల విద్యార్థి హత్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక నిపుణుల నివేదిక ప్రతిని లిఖితపూర్వకంగా అడగండి. మూడు అంశాలనూ విడివిడిగా చర్చించిందో లేదో చూసి, లేకుంటే అభ్యంతరం దాఖలు చేయండి. మదింపు అంటే నేర విచారణ కాదని చట్టమే చెబుతోంది, కాబట్టి ఆ దశలో పిల్లవాడి చేత నేరం ఒప్పించే ప్రశ్నలకు న్యాయవాది అడ్డు చెప్పాలి.

పిల్లవాడి ఇంటి పరిస్థితులు తెలుసుకుని బోర్డుకు నివేదిక ఇచ్చే ప్రొబేషన్ అధికారి ఇంటికి వచ్చినప్పుడు ‘మావాడు బంగారమండీ’ అని ఊరుకుంటే బోర్డుకు తెలిసేది ఏమీ ఉండదు. చదువు ఎప్పుడు దెబ్బతింది, ఎవరితో తిరిగాడు, బండి ఎవరు కొనిచ్చారు, ఇంట్లో తాగుడో కొట్లాటో ఉందా, ఎప్పుడైనా వైద్యం చేయించారా అన్నవన్నీ దాచకుండా చెప్పి, కాగితాలుంటే జతచేయండి. పరువు పోతుందని దాచిన విషయమే చాలాసార్లు పిల్లవాడికి అక్కరకొచ్చేది.

మదింపు మూడు నెలల్లో ముగియాలని చట్టం అంటున్నా, గడువు దాటినంత మాత్రాన కేసు వీగిపోదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వాదనను నమ్ముకోకండి. పెద్దవాడిగా విచారించాలన్న ఉత్తర్వులో కారణాలు ఉండాలి. దానిపై 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, అప్పీలు కోర్టు కూడా నిపుణులను పిలవవచ్చు. బోర్డు పంపిన ఇలాంటి కేసులు విచారించే చిల్డ్రన్స్ కోర్టుకు కేసు చేరాక కూడా, పెద్దవాడిగా విచారణ అవసరమా అన్నది ఆ కోర్టు 19వ సెక్షన్ కింద మళ్లీ నిర్ణయించాలి గనుక అక్కడా ఇవే పత్రాలు దాఖలు చేయండి. న్యాయవాదిని పెట్టుకోలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసినా, 15100కు ఫోన్ చేసినా ఉచిత సాయం దొరుకుతుంది.