స్ప్రేయర్ ఇంజన్‌కు పెట్రోలు అందకపోతే ఎలా సరిచేయాలి?

మామిడి పూతకు మందు కొట్టాల్సిన రోజుల్లోనే బంగారుపాళెం, దామలచెరువు తోటల్లో స్ప్రేయర్ ఇంజన్లు మొరాయిస్తాయి. పోయిన సీజన్ పెట్రోలు ట్యాంకులోనే ఉంటే మొరాయించక ఏం చేస్తాయి? పిస్టన్ రింగులు మార్పించే ముందు ఇవి చూడండి. ఈ పద్ధతి కింద బౌల్ (పెట్రోలు నిలిచే తొట్టి) ఉండే కార్బొరేటర్లకే, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగాలకే.

10 నంబర్ పానా, ప్లగ్ పానా, స్క్రూడ్రైవర్, గాజు సీసా, కార్బొరేటర్ క్లీనర్, కొత్త పెట్రోలు చాలు. ఇంజన్ చల్లారాక ఆరుబయట చేయండి. బీడీలు, సిగరెట్లు దూరంగా.

1. చోక్ వేసి ఐదారుసార్లు తాడు లాగి ప్లగ్ విప్పండి. తడిగా ఉంటే పెట్రోలు అందుతున్నట్టే, స్పార్క్ చూసుకోండి. పొడిగా ఉంటే ముందుకెళ్లండి.

2. కాసేపు నడిచి ఆగిపోయే రకమైతే ట్యాంకు మూత వదులు చేసి నడపండి. అప్పుడు నడిస్తే మూతలో గాలి రంధ్రం పూడిపోయినట్టు.

3. కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి కాక్ (ట్యాంకు కింద పెట్రోలు కుళాయి) తెరవండి. ధార తెగకూడదు. చుక్కలుగా వస్తే కాక్ కింది గిన్నె, జాలి కడగండి. సీసాలో రెండు పొరలు కనబడితే నీళ్లు చేరాయి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఉండే ఇథనాల్ తేమను పీల్చి, మోతాదు మించాక నీటితో కలిసి అడుక్కి దిగుతుంది. ట్యాంకులో ఉన్నదంతా డబ్బాలోకి వంచేయండి. పైన కొత్తది పోసి సరిపెట్టడం దండగ.

4. అసలు పని జెట్ దగ్గరే, అంటే పెట్రోలు పోయే సన్నరంధ్రం ఉన్న చిన్న ముక్క దగ్గర. కాక్ మూసి బౌల్ విప్పితే మధ్య స్తంభంలో ఇత్తడి మెయిన్ జెట్ ఉంటుంది. గాడికి నిండుగా పట్టే స్క్రూడ్రైవరే వాడండి, జారిందంటే గాడి పోతుంది.

జెట్‌లో సూది, ఇనుప తీగ దూర్చొద్దు. ఇత్తడి మెత్తన. రంధ్రం రవ్వంత పెద్దదైనా ఇంజన్ నల్లపొగ కక్కుతుంది, ప్లగ్ మసిబారుతుంది. ఆపైన కొత్త జెట్ కొనాల్సిందే. క్లీనర్‌లో పది నిమిషాలు నాననిచ్చి గాలి కొట్టి, వెలుతురుకు పట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా కనబడాలి, అర్ధచంద్రంలా ఉంటే మళ్లీ నానబెట్టండి.

జెట్ వెనక పక్కరంధ్రాల గొట్టం ఒకటుంది. చాలామంది వదిలేసేది దీన్నే. అదీ కడగండి. పంక్చర్ షాపు గాలి కొట్టిస్తే ముందు ఫ్లోట్ (బౌల్‌లో తేలే ముక్క), నీడిల్ (దాంతో పాటు కదిలి పెట్రోలు ఆపే మొన) తీసేయాలి. పెట్రోలు అందని ఇంజన్‌కు గాలి, పెట్రోలు పాళ్లు మార్చే మిక్స్చర్ స్క్రూ తిప్పడం మాత్రం పనికిరాని పని. మూలన పడున్న ఇంజన్లో సెట్టింగ్ దానంతటది మారదు.

5. బౌల్ గ్యాస్కెట్‌కు (అంచున ఉండే రబ్బరు సీలుకు) క్లీనర్ తగలనివ్వొద్దు, ఉబ్బి గాడిలో కూర్చోదు. బిగించి కాక్ తెరిచి రెండు నిమిషాలు ఆగండి. కారితే నీడిల్ కింద ఇంకా మురికి ఉంది. చోక్ మీద నడిచి, తీయగానే ఆగిపోతే సన్నదారులు తెరుచుకోలేదు, నాలుగో పని మళ్లీ మొదలుపెట్టండి.

సీజన్ అయ్యాక కాక్ మూసి, ఇంజన్ తనంతట ఆగేదాకా నడపండి. తర్వాత ట్యాంకు కూడా ఖాళీ చేయండి.