వీడియో పోకర్‌లో పందెం: కూర్చునే ముందే తేల్చుకోవలసిన లెక్కలు

విశాఖపట్నంలో పేకముక్కలు పట్టుకోవడం రాని ఇల్లు అరుదు. సంక్రాంతి సెలవుల్లోనూ పెళ్ళివారి విడిదిలోనూ పదమూడు ముక్కలాట చూస్తూ పెరిగినవాళ్ళం కనుక, గోవాకో సింగపూరుకో వెళ్ళినప్పుడు కేసినోలో వీడియో పోకర్ యంత్రం కనబడగానే ఇది మనకు తెలిసిన ఆటేననిపిస్తుంది. అలా వెళ్ళివచ్చినవారు నన్ను తరచుగా అడిగేది ఒకటే: పందెం ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి? ఈ ఆటలో పందేనికి సంబంధించిన నిర్ణయాలన్నీ మొదటి ముక్క పడకముందే అయిపోవాలని, ఆట మధ్యలో పందెం మార్చడం వల్ల ఒరిగేదేమీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ నిర్ణయాలు ఏమిటో, వాటి వెనుక లెక్క ఏమిటో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా చట్టం సంగతి చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ 2020లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం అటువంటి ఆటలను దేశమంతటా నిషేధించింది. కాబట్టి ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడదలచినవారికి ఈ వ్యాసం పనికిరాదు. లైసెన్సు ఉన్న కేసినోకు వెళ్ళేవారికి, డబ్బు ప్రసక్తి లేకుండా ఇంట్లో నేర్చుకునేవారికి మాత్రమే ఇది.

ఆట పద్ధతి సులభమైనది. 52 ముక్కల కట్ట నుంచి యంత్రం ఐదు ముక్కలు పంచుతుంది. మనం కావలసినవి ఉంచుకుని మిగిలినవి వదిలితే వాటి స్థానంలో కొత్తవి ఒక్కసారి ఇస్తుంది. చివరికి ఏర్పడిన ఐదు ముక్కలను బట్టి చెల్లిస్తుంది. ఎదురుగా మరో ఆటగాడు లేడు కనుక బెదిరించడానికీ మోసగించడానికీ తావు లేదు. ఇందులో రకాలు చాలా ఉన్నా, జాకీల జత నుంచి చెల్లింపు మొదలయ్యే 'జాక్స్ ఆర్ బెటర్' అన్నిటికీ మూలం కనుక దానినే తీసుకుంటాను. జోకర్లు ఉన్నవీ, రెండు అంకె ముక్కలే జోకర్లుగా పనిచేసేవీ వేరే లెక్కతో నడుస్తాయి. వాటికి ఈ సూత్రాలను అన్వయించకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం యంత్రాన్ని ఎంచుకోవడం. తెర మీద కనిపించే చెల్లింపుల పట్టికలో రెండు అంకెలను చూడండి: ఒక నాణేనికి ఫుల్ హౌస్‌కు (ఒకే విలువ ముక్కలు మూడు, మరో జత) ఎంత, ఫ్లష్‌కు (ఐదూ ఒకే గుర్తు ముక్కలు) ఎంత? ఫుల్ హౌస్‌కు 9, ఫ్లష్‌కు 6 ఇచ్చే యంత్రం మీద ఐదు నాణేలతో తప్పులేకుండా ఆడితే, పందెం కాసిన ప్రతి వంద రూపాయలకూ దీర్ఘకాలంలో 99 రూపాయల 54 పైసలు వెనక్కి వస్తాయి. పక్కనే అచ్చం అలాగే కనిపించే యంత్రం 8, 5 ఇస్తుంటే వచ్చేది 97 రూపాయల 30 పైసలు. 6, 5 ఇచ్చేదైతే 95 రూపాయలే. ఫుల్ హౌస్, ఫ్లష్ ఒక్కొక్కటి సుమారు 90 పంపకాలకు ఒకసారి పడతాయి కనుక, వాటిలో ఏ ఒక్కదాని మీద ఒక్క నాణెం తగ్గించినా ఆటగాడికి వందకు దాదాపు రూపాయి పది పైసలు పోయినట్లే. యంత్రం ముందు నిలబడి ఈ రెండు అంకెలు చదవడానికి అరనిమిషం చాలు. నా దృష్టిలో ఆ అరనిమిషం గంటల తరబడి చేసే ఏ పందెపు ఎత్తుగడ కంటేనైనా విలువైనది.

రెండవ నిర్ణయం నాణేల సంఖ్య. ఒకటి నుంచి ఐదు నాణేల వరకు పందెం కాయవచ్చు. మిగిలిన చెల్లింపులన్నీ నాణేలతో సమంగా పెరుగుతాయి గాని రాయల్ ఫ్లష్ (ఒకే గుర్తులో ఆసు, రాజు, రాణి, జాకీ, పది) అలా కాదు. ఒక నాణేనికి 250, నాలుగు నాణేలకు 1,000 ఇచ్చే యంత్రం ఐదవ నాణెం వేయగానే 4,000 ఇస్తుంది. అంటే నాణేనికి 250 కాస్తా 800 అవుతుంది. ఆ ఐదవ నాణెం వేయకపోతే, మంచి పట్టిక (9, 6) ఉన్న యంత్రం మీద కూడా రాబడి 98.37 శాతానికి పడిపోతుంది. అందువల్ల పట్టిక ఒకటే అయితే, 50 రూపాయల నాణెం ఒకటి వేసే బదులు 10 రూపాయల నాణేలు ఐదు వేయడం ఎప్పుడూ మేలు. పందెం అంతే, ప్రతిఫలం వేరు. ఐదు నాణేలు మన సంచికి బరువైతే నాణెం విలువ తక్కువగా ఉన్న యంత్రానికి మారాలి. అదీ దొరకకపోతే ఒకే నాణెం వేయాలి. నాలుగు నాణేలు వేయడం మాత్రం ఎటూ కాని పని, ఎందుకంటే ఒక్క నాణెం ఇచ్చే దామాషాకే నాలుగు రెట్లు డబ్బు ప్రమాదంలో పెట్టినట్లవుతుంది.

ఇక పోయినప్పుడల్లా పందెం రెట్టింపు చేసే పద్ధతి గురించి. ఎంవీపీ కాలనీలోని మా ఇంటికి వచ్చిన మామయ్యగారు దీనిని గట్టిగా సమర్థించారు. మాటలతో వాదించకుండా భోజనాల బల్ల మీద పేక కట్ట, ఒక గిన్నెడు చింతపిక్కలు పెట్టి ఆడి చూద్దామన్నాను. ఆయన ఐదు పిక్కలతో మొదలుపెట్టారు. వరుసగా ఐదుసార్లు ఏమీ పడలేదు. 5, 10, 20, 40, 80 చొప్పున మొత్తం 155 పిక్కలు నా వైపు చేరాయి. ఆరోసారి 160 పిక్కలు కాశారు. రాజుల జత పడింది. "చూశావా, పడిందిరా!" అన్నారు ఆయన, ముక్కలను బల్ల మీద పరుస్తూ. జతకు చెల్లింపు ఎంత మామయ్యా అని అడిగాను. ఒకటికి ఒకటి, అంటే కాసిన 160 పిక్కలు మాత్రమే వెనక్కి వచ్చాయి. పోయిన 155 పోయినవిగానే ఉన్నాయి. ఆయన కాసేపు పిక్కలను చేత్తో కదుపుతూ ఉండిపోయారు.

ఈ ఆటలో రెట్టింపు పద్ధతికి ఉన్న లోపమంతా ఆ రాజుల జతలో ఉంది. సుమారు 54.5 శాతం పంపకాలకు ఏమీ రాదు, దాదాపు 21.5 శాతం పంపకాలలో జాకీలో అంతకంటే పెద్దవో జతగా పడి, కాసిన పందెం మాత్రమే తిరిగి వస్తుంది. అంటే నాలుగింట మూడు వంతుల పంపకాలలో పాత నష్టం ఒక్క పైసా కూడా పూడదు. వరుసగా ఏడు పంపకాలు పూర్తిగా పోయే అవకాశం 70లో ఒకటి. గంటకు 500 పంపకాలు ఆడేవారికి అది ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ప్రతి పంపకానికీ యంత్రం కట్టను కొత్తగా కలుపుతుంది కనుక ముందు పోయిందన్న విషయం తరువాతి ముక్కలకు తెలియదు. గెలిచినప్పుడు పెంచడం, పోయినప్పుడు తగ్గించడం అనే పద్ధతికీ ఇదే సమాధానం.

మూడవ నిర్ణయం ఎంత డబ్బుతో కూర్చోవాలన్నది. 10 రూపాయల నాణేలు ఐదేసి వేస్తూ గంటకు 500 పంపకాలు ఆడితే, చేతులు మారే మొత్తం 25,000 రూపాయలు. మంచి పట్టిక మీద దాని సగటు ఖరీదు గంటకు 115 రూపాయలు, '8, 5' పట్టిక మీద 675, '6, 5' పట్టిక మీద 1,250. అయితే ఇది సగటు మాత్రమే. ఒక గంటలో సుమారు 2,000 రూపాయల వరకు అటో ఇటో ఊగడం మామూలు సంగతి; దానికి రెట్టింపు పోయే గంటలు కూడా ఉంటాయి. అందుకే 50 రూపాయల పందేనికి కనీసం 200 పందేల సొమ్ము, అంటే 10,000 రూపాయలు, పూర్తిగా పోయినా ఇంటి ఖర్చుకు లోటు రానిది పక్కన పెట్టుకోలేకపోతే నాణెం విలువ తగ్గించాలి. రాయల్ ఫ్లష్ సగటున దాదాపు 40,000 పంపకాలకు ఒకసారి పడుతుంది. అదే వేగంతో ఆడితే ఇది 80 గంటల ఆట. రెండు రోజుల ప్రయాణంలో అది పడదన్న లెక్కతోనే డబ్బు తీసుకువెళ్ళాలి. గెలిచిన సొమ్ము మీద మన దేశంలో 30 శాతం ఆదాయపు పన్ను ఉందని, పోగొట్టుకున్నదాన్ని అందులో మినహాయించుకునే వీలు లేదని కూడా ముందే తెలిసి ఉండాలి.

పైన చెప్పిన శాతాలన్నీ ఏ ముక్కలు ఉంచుకోవాలో తెలిసినవారికే వర్తిస్తాయి, రమ్మీ అలవాటు ఇక్కడ రెండు చోట్ల అడ్డుపడుతుంది. మొదటిది, జత పడినప్పుడు పక్కనున్న ఆసును కూడా వదలలేకపోవడం. జతను మాత్రమే ఉంచుకుని మూడు కొత్త ముక్కలు తీసుకోవాలి. రెండవది, చేతికి వచ్చిన ఆటను విడగొట్టడానికి మనసు ఒప్పకపోవడం. ఇస్పేటు రాజు, రాణి, జాకీ, పది, నాలుగు పడ్డాయనుకోండి. అది తయారైన ఫ్లష్. నాణేనికి 6 ఖాయం. నాలుగును వదిలేస్తే కట్టలో మిగిలినవి 47 ముక్కలు. వాటిలో ఇస్పేటు ఆసు వస్తే 800, తొమ్మిది వస్తే ఒకే గుర్తు వరుసకు 50, మరో ఆరు ఇస్పేట్లలో ఏది వచ్చినా 6, వేరే గుర్తుల ఆసులు, తొమ్మిదులు కలిపి ఆరింటికి మామూలు వరుస కుదిరి 4 చొప్పున, రాజు, రాణి, జాకీల తోడు ముక్కలు తొమ్మిదింటికి 1 చొప్పున వస్తాయి. మొత్తం 919, దానిని 47తో భాగిస్తే 19కి పైనే. ఆరును వదిలి పంతొమ్మిదిని ఎంచుకోవడమే సరైన ఆట. చిన్న జతతో పాటు ఒకే గుర్తు ముక్కలు నాలుగు ఉంటే ఆ నాలుగింటినీ, జాకీ లేదా అంతకంటే పెద్ద జత ఉంటే సాధారణంగా జతనూ ఉంచుకోవాలి.

ఇవి చేతికి అలవాటయ్యేవరకు ఆదివారం ఉదయాల్లో ఇంటి దగ్గరే చింతపిక్కలతో ఆడండి. ప్రతి పంపకానికీ ఐదు పిక్కలు పక్కన పెట్టి, పోయిన మొత్తం, వచ్చిన మొత్తం ఒక కాగితం మీద రాసుకోండి. వందేసి పంపకాలకు ఒక్కొక్క వరుస. మామయ్యగారి కాగితం మీద ఇప్పటికి పదకొండు వరుసలు ఉన్నాయి. ప్రతి వరుసలోనూ పందెం గడిలో ఐదు అంకె తప్ప మరొకటి లేదు.