అడ్రినల్ కణితి ఉన్నవారికి బీపీ ఒక్కసారిగా పెరిగితే ఏం చేయాలి?

మూత్రపిండాలపై టోపీల్లా అమరి ఉండే అడ్రినల్ గ్రంథుల్లో అరుదుగా ఫియోక్రోమోసైటోమా అనే కణితి ఏర్పడుతుంది. అది అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ హార్మోన్లను వేళాపాళా లేకుండా రక్తంలోకి వదలడం వల్ల బీపీ నిమిషాల్లోనే ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. తీవ్రమైన తలనొప్పి, ఒళ్లంతా చెమటలు, గుండెదడ మూడూ కలిసి విడతలు విడతలుగా వస్తుంటే, దాన్ని కంగారు అని కొట్టిపారేయకూడదు.

1. ముందు నిర్ధారణ చేయించుకోవాలి. రక్తంలో గానీ, 24 గంటల పాటు సేకరించిన మూత్రంలో గానీ మెటానెఫ్రిన్ల (ఆ హార్మోన్లు విచ్ఛిన్నమైతే వచ్చే పదార్థాల) స్థాయి చూస్తారు. అది ఎక్కువగా ఉంటే సీటీ స్కాన్‌తో కణితి ఎక్కడుందో తెలుసుకుంటారు. మెటానెఫ్రిన్ల పరీక్ష కాకముందే కణితి నుంచి సూదితో ముక్క తీయడానికి ఒప్పుకోకండి, ఆ సూది పోటుకే బీపీ విపరీతంగా పెరగవచ్చు.

2. జబ్బు పేరు రాసిన చీటీ ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఇదే, ఎందుకంటే ఇతరులకు మామూలుగా ఇచ్చే మందులే ఈ రోగులకు ముప్పు తెస్తాయి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, జలుబు మాత్రల్లోని ఫినైల్‌ఎఫ్రిన్, ఒళ్లు నొప్పులకు వేసే డెక్సామెథసోన్ ఇంజెక్షన్ అలాంటివే. గుండెదడ తగ్గాలని ప్రొప్రనొలోల్ వంటి బీటా బ్లాకర్‌ను ముందుగా మొదలుపెట్టడం మరీ ప్రమాదం: రక్తనాళాలను వ్యాకోచింపజేసే దారి మూసుకుపోయి, వాటిని బిగించే ఆల్ఫా గ్రాహకాల (నాళాల గోడల్లో ఆ హార్మోన్లు అతుక్కునే చోట్ల) ప్రభావం ఒక్కటే మిగులుతుంది కాబట్టి బీపీ ఇంకా పెరుగుతుంది. పళ్లు తీయించుకోవడానికి వెళ్లినా సరే, ఆ చీటీ చూపించాలి.

3. బీపీ 180/120 దాటితే రోగిని వెంటనే కూర్చోబెట్టి, నిమిషం ఆగి మళ్లీ చూడాలి. ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, కాలో చెయ్యో పడిపోవడం, మతి తప్పడం వంటి వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మళ్లీ చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. అవేవీ లేకపోయినా అంకె దిగకపోతే చికిత్స చేస్తున్న వైద్యులకు అప్పుడే చెప్పాలి. నాలుక కింద నిఫెడిపిన్ గుళిక పెట్టడం పాత అలవాటు. బీపీ ఒక్కసారిగా పడిపోయి మెదడుకో గుండెకో రక్తం అందకపోవచ్చు కనుక అది చేయకూడదు. ఆసుపత్రిలో ఫెంటోలమైన్, నికార్డిపిన్ వంటి మందులను నరంలోకి ఎక్కిస్తూ, క్షణక్షణం గమనిస్తూ బీపీ దించుతారు.

4. ఆపరేషన్‌కు తొందరపడకూడదు. అంతకు ముందు సాధారణంగా 7 నుంచి 14 రోజులు ఫినాక్సీబెంజమిన్, ప్రాజోసిన్ వంటి ఆల్ఫా బ్లాకర్లు (నాళాల బిగింపును అడ్డుకునే మందులు) వాడతారు. బీటా బ్లాకర్ అవసరమైతే వాటి తర్వాతే చేరుస్తారు. ఈ మందులు వాడే రోజుల్లో ఉప్పు, నీళ్లు పెంచమని వైద్యులు చెబితే బీపీ రోగికి ఉప్పేమిటని ఇంట్లోవాళ్లు ఆపేయకూడదు. ఇన్నాళ్లూ బిగుసుకుపోయి ఉన్న నాళాలు వదులైనప్పుడు వాటిని నింపడానికి రక్త పరిమాణం పెరగాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం ఎంత ఉప్పు తినాలో అడిగి తెలుసుకోవాలి. లేచి నిలబడినప్పుడు కళ్లు తిరగవచ్చు కాబట్టి మంచం మీంచి మెల్లగా లేవాలి, కూర్చున్నప్పుడూ నిలబడినప్పుడూ బీపీ చూసి రాసుకోవాలి.

కణితి తీసిన వెంటనే బీపీ, రక్తంలో చక్కెర పడిపోయే అవకాశం ఉన్నందున మొదటి ఒకటి రెండు రోజులు దగ్గరగా గమనిస్తారు. ఆ తర్వాత మెటానెఫ్రిన్ల పరీక్ష ఏటా చేయించుకోవాలి. ఈ రోగుల్లో దాదాపు మూడో వంతు మందికి జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది గనుక జన్యు పరీక్ష గురించి అడగాలి. అందులో లోపం బయటపడితే తోబుట్టువులకూ పిల్లలకూ, వారికి ఏ లక్షణమూ లేకపోయినా, పరీక్ష చేయించాలి.