జెర్బిల్ జంటను ఇంటికి తెచ్చేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అన్నిటికంటే ముందు చట్టం చూసుకోవాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు జెర్బిళ్ల (ఎలుకను పోలిన చిన్న పెంపుడు జంతువుల) పెంపకానికి అభ్యంతరం చెప్పవు గాని కాలిఫోర్నియా, హవాయిలలో అది నిషిద్ధం. తప్పించుకున్నవి అడవిలో స్థిరపడి పంటలకు, స్థానిక జీవులకు చేటు చేస్తాయన్నది అక్కడి భయం. ఉద్యోగరీత్యా అటు మారే ఆలోచన ఉన్న తెలుగు కుటుంబాలు ఈ కోరికను వాయిదా వేసుకోవడమే మేలు.

తొట్టెను జంతువులు రాకముందే సిద్ధం చేయాలి. మంగోలియా మైదానాలలో సొరంగాలు తవ్వుకుని బతికే ప్రాణి కాబట్టి, తీగల పంజరం కాక, గాలి ఆడే జల్లెడ మూత గల గాజు తొట్టెను ఎంచుకుని, అందులో కాగితపు తునకలను ఎండుగడ్డితో కలిపి కనీసం 20 నుంచి 30 సెంటీమీటర్ల లోతున అదిమి నింపాలి. వదులుగా పోస్తే తవ్విన సొరంగం మరుక్షణమే కూలుతుంది. ఘాటైన నూనెలుండే దేవదారు పొట్టు ఊపిరితిత్తులకు హానికరం. అవి పరుగెత్తి ఆడుకునే చక్రానికి కడ్డీలు ఉండరాదు, వాటిలో తోక ఇరుక్కుంటుంది.

ఒకే కాన్పులో పుట్టిన, ఒకే లింగానికి చెందిన రెండింటిని తీసుకోవాలి. పరిచయం లేని పెద్దవాటిని ఒకేచోట వదిలితే చచ్చేదాకా కొట్లాడుకోవచ్చు.

తోక పట్టుకుని ఎత్తకూడదని ఇంట్లో పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి. చివరి భాగంలో చర్మం ఒలిచినట్లు ఊడివస్తుంది, మళ్లీ పెరగదు. రెండు అరచేతులనూ దోసిలిలా పట్టి ఎత్తడమే సరైన పద్ధతి.

చిన్న జంతువులకు వైద్యం చేసే పశువైద్యుని చిరునామా కూడా ముందే కనుక్కోవాలి. కుక్కలను చూసే ప్రతి వైద్యుడూ వీటిని చూడడు.