ఏళ్లుగా మూలనపడ్డ అంబాసిడర్‌ను, దాని పక్కనే ఉన్న పాత కంప్యూటర్‌ను మళ్లీ నడిపించడం ఎలా?

నల్లగొండ దగ్గర మా ఊళ్లో చిన్నాయన ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. 1978 మోడల్ అంబాసిడర్ మార్క్ 3 అందులో పదకొండేళ్లు కదలకుండా నిలబడింది. దాని పక్కనే వడ్ల బస్తాల వెనక, చిన్నప్పుడు మా బావా నేనూ కొట్లాడుకుంటూ ఆడిన కంప్యూటర్. పోయిన దసరా సెలవుల్లో రెండింటినీ బాగుచేయాలని కూర్చున్నాం. బావ ఆత్రం పట్టలేక కొత్త బ్యాటరీ తెచ్చి బిగించి, తాళం తిప్పబోయాడు. చిన్నాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "తాళం జేబుల పెట్టుకో అల్లుడా. ముందుగాల బండిని జూడు."

చూస్తే ఎయిర్ ఫిల్టర్ నిండా వడ్ల పొట్టు. ఎలుకలు గూడు కట్టుకున్నాయి. తాళం తిప్పి ఉంటే అదంతా ఇంజన్‌లోకి పోయేది. అందుకే మీ ఇంట్లో కూడా ఇలాంటి బండి ఉంటే, తాళం తిప్పడాన్ని అన్నిటికంటే చివరికి ఉంచండి. ఎక్కువ తిరిగిన బండి కంటే ఎక్కువ రోజులు నిలబడిన బండికే జబ్బులెక్కువ. సిలిండర్లలో నూనె పొర ఆరిపోతుంది, పిస్టన్ రింగులు తుప్పుతో అంటుకుపోతాయి, రబ్బరు గట్టిపడి పగులుతుంది.

ముందు చూడటం

బండి మీద కప్పిన పట్టా తీసేముందు కర్రతో నాలుగు వైపులా తట్టండి. మన దిక్కు ఇలాంటి చోట్ల పాములు, తేళ్లు ఉండటం మామూలే. బ్యాటరీ వైర్లు ఊడదీసి, బానెట్ ఎత్తి, ఎలుకలు కొరికిన వైర్లన్నీ వెతకండి. ఒక్క వైరు రాగి బయటపడి ఉన్నా షార్ట్ అయి బండి అంటుకునే ప్రమాదం ఉంది. దేన్ని విప్పినా విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఇంజన్‌ను చేత్తో తిప్పడం

అన్నిటికంటే ఓపిక కావాల్సింది ఇక్కడే. నిప్పురవ్వ పుట్టించే నాలుగు ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోయండి. రెండు రోజులు అలాగే వదిలేయండి. మూడో రోజు గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ముందు బంపర్ దగ్గరున్న రంధ్రంలోంచి హ్యాండిల్ దూర్చి మెల్లగా తిప్పాలి. బొటనవేలు కూడా మిగతా వేళ్ల వైపే ఉండాలి. హ్యాండిల్ చుట్టూ వేసి పట్టుకుంటే, ఎప్పుడైనా ఇంజన్ వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది.

మాది మొదటి రోజు ఇసుమంత కూడా కదల్లేదు. బలం పెట్టలేదు. మళ్లీ ఆయిల్ పోసి ఆగాం. మర్నాడు పొద్దున హ్యాండిల్ మీద చెయ్యి వేసి ఆనితే, లోపల ఏదో వదులైనట్టు వేలెడు దూరం జరిగింది. తర్వాత బెత్తెడు. తర్వాత పూర్తి చుట్టు. ప్లగ్గు రంధ్రాల్లోంచి నల్లటి నూనె బొట్లు ఎగిరి నా చొక్కా మీద పడ్డాయి. ఆ చొక్కా ఇంకా ఉతకలేదు.

నూనె, పెట్రోలు, నీళ్లు

పాత ఇంజన్ ఆయిల్ వంపేసి, ఫిల్టర్ మార్చి కొత్తది పోయండి. పెట్రోలు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి. ఈ పని ఆరుబయటే చేయాలి, చుట్టుపక్కల బీడీ కూడా వెలిగించొద్దు. పాత పెట్రోలు వార్నిష్ డబ్బా మూత తీసినట్టు వాసన వస్తుంది. ఆ జిగురు, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ దాకా పాకి ఉంటుంది. మా బండిది ఎస్‌యూ అనే రకం కార్బురేటర్. దాని లోపలి పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదిలితే 'టక్'మని కిందికి పడాలి. ఆగి ఆగి దిగితే విప్పి మెత్తటి గుడ్డతో తుడవాలి. సాండ్ పేపర్ మాత్రం తగిలించొద్దు. పిస్టన్ అదుపుగా కదిలేలా చూసే పైనున్న డ్యాంపర్‌లో పలచటి ఆయిల్ పోయడం చాలామంది మర్చిపోతారు, తర్వాత యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుందని బాధపడతారు.

పెట్రోలు పైపులన్నీ కొత్తవి వేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అప్పటి రబ్బరు దానికి తట్టుకోదు. ఇథనాల్‌కు తట్టుకునే పైపు అని అడిగి మరీ కొనండి. స్పేర్ పార్టులకు మేం సికింద్రాబాద్ రాణిగంజ్‌కు రెండుసార్లు పోయొచ్చాం. పాత పార్టు చేతిలో పట్టుకుని పోవాలి, పేరు చెప్తే ఒక్కోసారి వేరేది ఇస్తారు.

నీళ్ల సంగతి నల్లగొండ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునే పొరే రేడియేటర్ లోపల కూడా పేరుకుంటుంది. కింది హోస్ పైపు విప్పి, అక్కణ్నుంచి పైకి నీళ్లు కొట్టి కడగండి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంట్ మాత్రమే పోయండి.

కరెంటు, స్టార్టింగ్

ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే పాయింట్లు శుభ్రం చేయండి. సందు కొలిచే పలచటి రేకుల ఫీలర్ గేజ్‌తో పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు, ప్లగ్గుల గ్యాప్ 0.6 మిల్లీమీటర్లు పెట్టాలి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2. వైర్లు కలిసిపోకుండా ఒకటి మార్చాకే ఇంకొకటి ముట్టుకోండి.

ఇప్పుడు జేబులోంచి తాళం తీయొచ్చు. ప్లగ్గులు లేకుండానే, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్ వైరు పీకేసి, సెల్ఫ్ స్టార్టర్‌తో పదేసి సెకన్లు తిప్పండి. ఆయిల్ ప్రెషర్ వచ్చాక ప్లగ్గులు బిగించి, చోక్ లాగి స్టార్ట్ చేయండి. సిలిండర్లలో పోసిన నూనె కాలి కాసేపు పొగ కమ్మేస్తుంది, కంగారు పడొద్దు. షెడ్డు తలుపులు మాత్రం బార్లా తెరిచి ఉండాలి.

మేం తప్పు చేసింది ఇక్కడే. 1489 సీసీ ఇంజన్ ఆ పాత గొంతుతో పలికేసరికి సంతోషం ఆగక బండిని వీధిలోకి తీశాం. మలుపు దగ్గర బ్రేక్ తొక్కితే పెడల్ నేలకు అంటింది. హ్యాండ్ బ్రేక్ లాగి గడ్డివాము పక్కన ఆపాను. బావకు, నాకు గంటసేపు టెన్షన్ తగ్గలేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమకు వీల్ సిలిండర్లు లోపల తుప్పు పడతాయి. కాబట్టి నాలుగు డ్రమ్ములూ విప్పి, వాషర్లు, హోసులు మార్చి, కొత్త ఆయిల్ పోసి బ్రేక్ పైపుల్లోని గాలి తీశాకే చక్రం కదపాలి. టైర్లు పైకి బాగున్నా సరే, పక్కల్లో బీటలుంటే తీసేయండి.

ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ కాగితం) సంగతి కూడా చూసుకోండి. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించొచ్చు. దానికి బండి అసలు రూపంలోనే ఉండాలి. మాది 2028లో ఆ వయసుకు వస్తుంది. అందుకే డీజిల్ ఇంజన్ ఎక్కించమని ఎంతమంది చెప్పినా వినలేదు.

రాత్రికి కంప్యూటర్

దీనికీ అదే పద్ధతి. స్విచ్ వేయకుండా ముందు డబ్బా తెరిచి బ్రష్‌తో దుమ్ము దులపండి. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటే కరెంటు ఇవ్వొద్దు. గుండ్రటి సీఆర్2032 సెల్ మార్చండి, లేకపోతే తారీఖు నిలవదు. మా హార్డ్ డిస్క్ లేవలేదు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ తగిలించి, పాత ఫ్లాపీల్లో చదవగలిగినవన్నీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకున్నాం. ఒక్కో దాంట్లో 1.44 ఎంబీ, తొమ్మిదింట్లో ఐదు బతికాయి.

విండోస్‌కు ముందరి డాస్ కాలపు గేములు ఇప్పటి కంప్యూటర్లలో నేరుగా నడవవు. డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, మౌంట్ కమాండ్‌తో గేముల ఫోల్డర్‌ను సీ డ్రైవ్‌గా చూపిస్తే చాలు. గేము మరీ వేగంగా పరిగెడితే కంట్రోల్ పట్టుకుని ఎఫ్11 నొక్కండి, నెమ్మదిస్తుంది. ఎఫ్12 నొక్కితే వేగం పెరుగుతుంది.

డేంజరస్ డేవ్ గేములో కప్పు అందుకుని తలుపు దగ్గరికి పరుగెత్తడం చేతివేళ్లు మర్చిపోలేదు. కారు పందేల గేము మొదటి నీడ్ ఫర్ స్పీడ్ పెట్టగానే బావ లాంబోర్గినీ డయాబ్లో ఎంచుకున్నాడు. అప్పట్లోనూ అంతే. పగలు ఈ అంబాసిడర్ వెనక సీట్లో ఆరుగురం ఇరుక్కుని నల్లగొండ పోయేవాళ్లం, రాత్రి డయాబ్లో కోసం కొట్లాడుకునేవాళ్లం.

ఇప్పుడు వారానికోసారి బండిని ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడుపుతున్నాం. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే సైలెన్సర్‌లో నీరు చేరి లోపలినుంచి తినేస్తుంది. ఆదివారం పొద్దున్నే పానగల్లు ఉదయ సముద్రం కట్ట దాకా పోయి వస్తాం. పోయేటప్పుడు బావ నడుపుతాడు, వచ్చేటప్పుడు నేను.